రెండు ముగింపుల సినిమాకి ఒక ఇంటర్వెల్

తప్పులు పట్టినందుకు నాకు జీతమిస్తారు. ఒక బ్యాంకులో ప్రోగ్రామర్లు తయారుచేసిన దాన్ని జనం చేతికి వెళ్ళకముందే నేను వాడి చూసి, ఎక్కడెక్కడ విరుగుతుందో రాసి వెనక్కి పంపుతాను. సింగపూర్ వచ్చిన ఇరవై రెండేళ్ళూ అదే పని. ఇంట్లోనూ అదే పనంటారు మావారు. పులుసులో ఉప్పు దగ్గర్నుంచి సినిమా క్లైమాక్సు దాకా నేను దేన్నీ ఊరికే వదలనని ఆయన ఫిర్యాదు. ఒక సాయంత్రం జురాంగ్ ఐలాండ్‌లో ప్లాంటు నుంచి వచ్చి, షూ అయినా విప్పకుండా, "నీకు తగ్గ మనిషి దొరికాడోయ్" అన్నారు.

మావారి ప్లాంటులో మేనేజరు స్పెయిన్ ఆవిడ. ఒంటరి మనిషి. ఎనభై నాలుగేళ్ళ తండ్రిని తీసుకొచ్చి పాసిర్ రిస్‌లో తన ఫ్లాట్‌లో పెట్టుకుంది. ఆ తండ్రి ఒకప్పుడు సినిమా డైరెక్టరట. ఏడు సినిమాలు తీశాడట. ఇప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పలకరించే దిక్కులేక కిటికీలోంచి ఓడల్ని చూస్తూ కూర్చుంటున్నాడట. లంచ్ దగ్గర ఈ గోడు విన్న మావారు, "మా ఆవిడకి సినిమాలంటే ప్రాణం, ప్రతి శనివారం వచ్చి కబుర్లు చెబుతుంది" అని నన్నడక్కుండానే మాటిచ్చేశారు. తా దూర కంత లేదు, మెడకో డోలు. వారానికి నాకు దొరికేదే రెండు రోజులు, అందులో ఒకటి ముక్కూమొహం తెలియని ముసలాయనకి ధారపొయ్యాలా? రెండు రోజులపాటు మావారితో మాట్లాడలేదు. "అన్నం వడ్డించానని మీ నాన్నకి చెప్పు" అని మా అమ్మాయితో చెప్పించాను. ఆయన నా ఎదురుగానే కూర్చుని ఉన్నారనుకోండి, అది వేరే సంగతి. మా అమ్మాయి ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, "హీ కెన్ హియర్ యూ, లా" అంది, ఈ ఊరి యాసలో.

మూడో రోజుకి కోపం చల్లారింది. శనివారం వెళ్ళాను.

డైరెక్టరంటే మెడలో మఫ్లరు, నల్లకళ్ళద్దాలు, చేతిలో సిగరెట్టు అని నా ఊహ. వాళ్ళ ఫ్లాట్ దగ్గర హాకర్ సెంటర్లో, అంటే తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే సావిట్లో, నాకు కనిపించింది నిక్కరూ రబ్బరు చెప్పులూ వేసుకున్న బక్కపలచటి పెద్దాయన. పరాటా కోసం బుద్ధిగా క్యూలో నిలబడి ఉన్నారు. "అంకుల్, మీ సినిమా నేనొక్కటీ చూడలేదు" అన్నాను, ముందే చెప్పేస్తే ఒక పనైపోతుందని. ఆయన మొహం వెలిగిపోయింది. "మంచిదే. చూసినవాళ్ళంతా అది ఎలా తియ్యాల్సిందో నాకు చెబుతుంటారు" అన్నారు.

ఆయన ఇంగ్లీషు కుంటుతూ నడిచేది. మాట దొరక్కపోతే చేతులతో చెప్పేవారు. అదీ చాలకపోతే టిష్యూ కాగితం మీద బొమ్మ గీసేవారు. ఇక్కడ నేను రాస్తున్న ఆయన మాటలన్నీ నా తెలుగులో పడ్డాక ఇలా తయారయ్యాయి. ఒక గంట కూర్చుని లేచొద్దామనుకున్నదాన్ని మధ్యాహ్నం దాకా కదల్లేదు. ఆ తర్వాత శనివారం ఎప్పుడొస్తుందా అని చూడటం మొదలుపెట్టాను. మావారికి మాత్రం ఈ సంగతి చెప్పలేదు. చెబితే నెత్తికెక్కుతారు.

పెద్దాయన పుట్టింది సముద్రం పక్కన ఒక చిన్న ఊళ్ళో. ఊరంతా చేపల్ని డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీ వాసనేనట. పదిహేడో ఏట రాజధానికి పోయి ఒక డబ్బింగ్ స్టూడియోలో ఊడ్చే పనికి కుదిరారు. డబ్బింగ్ అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మేం పెరిగిందే డబ్బింగ్ సినిమాల మీద కదా. వాళ్ళ దేశాన్ని అప్పుడు ఒక నియంత ఏలుతున్నాడు. బయటి సినిమా ఏదొచ్చినా వాళ్ళ భాషలో, వాళ్ళకి నచ్చిన మాటల్లోనే మాట్లాడాలి. పెళ్ళికాని జంట తెర మీద కనిపిస్తే డబ్బింగ్‌లో అన్నాచెల్లెళ్ళని చేసేసేవారట. ఆ అన్నాచెల్లెళ్ళు తర్వాతి సీన్లో ముద్దు పెట్టుకునేవారట. "ఒక తప్పు కప్పబోయి ఇంత పెద్ద తప్పా!" అని నేను పరాటా ముక్క చేతిలో పట్టుకునే పగలబడి నవ్వాను. మా ఆఫీసులోనూ అంతే మరి.

పెదాల కదలికకి సరిపోయే మాటలు రాయడం అక్కడే నేర్చుకున్నారు. తర్వాత అసిస్టెంటయ్యారు, ఆ తర్వాత డైరెక్టరు. ఆయన సినిమాలేవీ షూటింగ్‌లో గొంతులు పట్టినవి కావు. కెమెరా తిరుగుతుంటే పక్కన నిలబడి, "నడు, ఆగు, కప్పు వైపు చూడు" అని కేకలేసేవారట. గొంతులు, అడుగుల చప్పుడు, గిన్నెల చప్పుడు అన్నీ తర్వాత స్టూడియోలో కలపడమే. అడుగుల చప్పుడు మటుకు ఇంకొకళ్ళని చెయ్యనిచ్చేవారు కాదు. ఆడవాళ్ళ ఎత్తుమడమల జోళ్ళు తన పొడుగు పాదాలకి తగిలించుకుని చెక్కపెట్టె మీద నడిచేవారు. నడిచి చూపించారు కూడా, హాకర్ సెంటర్ మధ్యలో, రబ్బరు చెప్పులతో. కాఫీ అమ్మే ఆవిడ మా వైపు అదోలా చూసింది.

ఏడింటిలో రెండే ఆడాయి. ప్రతి కథా ముందు ప్రభుత్వం ఆఫీసుకి వెళ్ళి ఎర్ర పెన్సిల్ గీతలు వేయించుకుని రావాల్సిన రోజుల్లో, ఆయన మనుషుల చేత మాట్లాడించడం మానేసి సూప్ వడ్డించడం, తలుపులు వెయ్యడం చేయించారు. జనానికి అర్థమైంది. నియంత పోయాక అందరూ అన్నీ అరిచి చెప్పడం మొదలుపెట్టారు. "మాట్లాడుకోండి అని అనుమతి వచ్చేసరికి నా గొంతు పోయింది" అన్నారు. తర్వాత ఒక్కటే తీశారు. అది ఆడలేదు. ఇరవై ఏళ్ళు పిల్లలకి సినిమా పాఠాలు చెప్పుకుని రిటైరయ్యారు. ఇదంతా ఏ బాధా లేకుండా, ఎవరి కథో చెప్పినట్టు చెప్పారు. బాధంతా ఆ చివరి సినిమా దగ్గరే ఉందని నాకు నాలుగో శనివారం తెలిసింది.

ఆ రోజు ఆయన మడతలు పడ్డ కాగితం ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. వాళ్ళ దేశంలో పాత సినిమాల్ని బాగుచేసి దాచే సంస్థ ఒకటి ఆ చివరి సినిమాని శుభ్రం చేస్తోంది. దానికి రెండు ముగింపులున్నాయి. ఒకటి ఆయన తీసింది, రెండోది నిర్మాత పట్టుబట్టి తీయించి థియేటర్లలో వేసింది. కొత్త కాపీలో ఒకటే ఉంటుంది. ఇక ముందు ఎవరు చూసినా చూడబోయేది అదే. ఏది ఉంచాలో గుర్తు పెట్టి, ఎందుకో ఒక మాట రాసి, వచ్చే నెలాఖరులోగా సంతకం చేసి పంపాలి. కాగితం వచ్చి రెండు నెలలైంది. ఆయన పెన్ను ముట్టుకోలేదు.

"మీది పెట్టుకోండి అంకుల్. ఇందులో ఆలోచించడానికేముంది?" అన్నాను.

"అక్కడివాళ్ళూ అదే అంటున్నారు. మా అమ్మాయీ అదే అంటోంది. ఆలోచించడానికి ఏముందో నాకూ తెలియట్లేదు" అన్నారు. కాగితాన్ని మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నారు.

సినిమా పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. ఇంటికెళ్ళి చూశాను. కథ ఇంతే. ఒక ఇల్లు. పై వాటాలో అక్క, కింద వాటాలో చెల్లెలు. పంతొమ్మిదేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. తల్లి చనిపోయిన రోజు ఏదో అనుకున్నారు, ఏమిటో మనకి చెప్పరు. చెల్లెలికి అక్కంటే నెత్తిమీద నడిచే అడుగుల చప్పుడే. ఒకరోజు ఆ చప్పుడు ఆగిపోతుంది. చెల్లెలు ఒక పూట చూస్తుంది, రెండు పూటలు చూస్తుంది. చివరికి సూప్ కాచి, గిన్నె పట్టుకుని మెట్లెక్కి, గుమ్మం ముందు పెట్టి, తలుపు తట్టి, దిగిపోతుంది. ఇక్కడిదాకా రెండూ ఒకటే. పెద్దాయన ముగింపులో, చెల్లెలు దిగుతుండగా పైన తలుపు తెరుచుకున్న చప్పుడు. చెల్లెలు ఆగదు. కింద ఆమె తలుపు మూసుకుంటుంది. కాసేపటికి పైనుంచి చెంచా గిన్నెకి తగిలిన చప్పుడు వినిపిస్తుంది. అంతే. నిర్మాత ముగింపులో, అక్క తలుపు తీసి చెల్లెల్ని పేరు పెట్టి పిలుస్తుంది. చెల్లెలు ఆగి, వెనక్కి తిరిగి, మెట్లెక్కి వస్తుంది. కావిలింతలు, కన్నీళ్ళు, వెనకాల పాతిక వయొలిన్లు.

వయొలిన్లు మొదలవగానే నేను లాప్‌టాప్ ముందు కూర్చుని నవ్వాను. పైగా అందులో తప్పొకటి పట్టుకున్నాను. కావిలించుకునే ముందు గిన్నె అక్క చేతిలో ఉంటుంది, మరుక్షణం నేల మీద ఉంటుంది. పెట్టిందెవరు? మరుసటి శనివారం ఈ మాట చెబితే పెద్దాయన బల్ల మీద చరిచి, "నలభై ఏళ్ళలో ఎవరూ చూడలేదు! తొందర తొందరగా ఒక పూటలో తీయించాడు వెధవ" అని మురిసిపోయారు. ఆ మురిపెంలోనే అసలు సంగతి చెప్పారు. అది వాళ్ళ ఇల్లేనట. అక్కాచెల్లెళ్ళు కాదు, అన్నదమ్ములు. తల్లి పోయాక అన్నతో మాటల్లేవు. కొన్నేళ్ళకి అన్నకి జబ్బు చేసిందని తెలిసి ఊరికి వెళ్ళారు. మిఠాయి పెట్టె తీసుకుని మెట్లెక్కి, గుమ్మం ముందు పెట్టి, బెల్లు కొట్టి, దిగి వచ్చేశారు. తర్వాత అన్న పోయాడు.

"అంతే. ఎవరూ తల వంచలేదు, ఎవరూ తల ఎగరెయ్యలేదు. అందులో ఒక హుందాతనం ఉంది" అన్నారు. పత్రికల్లో కూడా అదే మాట రాశారట, ఆ ముగింపుని ఎక్కడో ఒకసారి చూపించినప్పుడు. నాకూ అదే అనిపించింది. అలాంటి ముగింపు చేతిలో పెట్టుకుని సంతకానికి వెనకాడుతున్నారని ఆయన మీద చిరాకేసింది. వాళ్ళమ్మాయి పరిస్థితి కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. గట్టిగా అడిగితే తండ్రికి కోపం, అడక్కపోతే గడువు దాటిపోతుంది.

"మీకు నచ్చింది మీరు చెప్పారు. జనం ఏమంటారో?" అన్నారాయన. "ఆ సినిమా నేను జనంతో కలిసి చూడనేలేదు. విడుదలైన రోజు థియేటరుకి ఎదురుగా బార్లో కూర్చున్నాను. నేనెవరో తెలియని జనంతో ఒక్కసారి చూడాలి."

"జనమా? జనానికేం కరువు అంకుల్, నా దగ్గర బోలెడుమంది ఉన్నారు" అనేశాను. అనేశాక గానీ భయం వెయ్యలేదు.

టాంపినీస్‌లో మా బ్లాక్ కింద కమ్యూనిటీ గది ఉంది. ఆదివారం మధ్యాహ్నానికి తీసుకున్నాను. వాట్సాప్‌లో "స్పెయిన్ సినిమా, ఫ్యామిలీ సెంటిమెంట్, తెలుగులో వివరించబడును, టీ పునుగులు ఉచితం" అని పెట్టాను. పునుగులకే సగం మంది వచ్చి ఉంటారు. రెండింటికి మొదలంటే ఒంటిగంటన్నరకే ముందువరస కుర్చీలన్నిటి మీదా టిష్యూ ప్యాకెట్లు వెలిశాయి. అలా పెడితే ఆ కుర్చీ ఎవరో చోప్ చేసుకున్నారని, అంటే ముందే పట్టి ఉంచారని, ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. పెద్దాయనకి తెలియదు. ఏడవబోతామని జనం ముందే సిద్ధపడి వచ్చారనుకుని ఆయన తెగ కంగారుపడ్డారు.

ముందువరసలో గోడవైపు చివర టార్చి ఆంటీ కూర్చుంది. ఆ పేరు నేను పెట్టుకున్నదే. ఆవిడ ముత్తాత ఏనాడో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు, ఆవిడ పుట్టిపెరిగిందంతా ఇక్కడే. ముప్పై ఏళ్ళు ఒక సినిమా హాల్లో టార్చిలైటు పట్టుకుని జనానికి సీట్లు చూపించింది. తెలుగులో సగం తమిళం, అక్కడక్కడా మలయ్ కలిపి మాట్లాడుతుంది. సినిమాని పడం అంటుంది, 'అప్పుడే' అనాల్సినచోట సుడా అంటుంది.

నేను తెర పక్కన నిలబడ్డాను. కింద ఇంగ్లీషు అక్షరాలు పరిగెడుతుంటే పెద్దవాళ్ళు చదవలేరు కాబట్టి, ప్రతి మాటా పైకి తెలుగులో చెప్పాలని ఏర్పాటు. ఎలా చెప్పాలో ముందే పెద్దాయన దగ్గర రెండు వారాలు నేర్చుకున్నాను. ఆయన నేర్పింది ఒక్కటే, తక్కువ చెప్పమని. నాకది ఎంత కష్టమో మావారినడిగితే చెబుతారు. అయినా చేశాను. అక్క అడుగుల చప్పుడు నెత్తిమీద వినిపించినప్పుడల్లా పెద్దాయన కాళ్ళ వైపు చూసి నవ్వుకున్నాను.

సరిగ్గా సినిమా సగంలో అడుగుల చప్పుడు ఆగిపోతుంది. చెల్లెలు తల పైకెత్తుతుంది. కప్పు వైపే చూస్తూ ఉండిపోతుంది. నేను అక్కడ ఆపేసి లైట్లు వేయించాను. మావారు వెనక నుంచి పునుగుల పళ్ళేలతో వచ్చారు.

పెద్దాయన లేచి నిలబడ్డారు. "ఏమైంది? మెషీను పాడైందా?" అన్నారు.

"లేదంకుల్, ఇంటర్వెల్."

"నా సినిమాలో అలాంటిది లేదే!"

అప్పుడు తట్టింది నాకు. రెండు వారాలు అన్నీ అడిగాను గానీ ఇది అడగలేదు. అడగాలనే తోచలేదు. ఇంటర్వెల్ లేని సినిమా ఉంటుందని నా బుర్రకి ఎక్కితే కదా! అందులోనూ ఆ సీను చూసిన క్షణమే ఇది ఇంటర్వెల్‌కి పుట్టిన సీనని నిర్ణయించేసుకున్నాను. ఆయన మొహం చూస్తే భూమిలోకి కుంగిపోవాలనిపించింది. సినిమా నడుమ విరిచేశాను. తప్పులు పట్టేదాన్ని, ఇంత తప్పు చేశాను. క్షమించమని అడగబోతుంటే ఆయన చెయ్యెత్తి ఆపారు. "వాళ్ళెందుకు పోట్లాడుకుంటున్నారు?" అన్నారు.

వెనక్కి తిరిగి చూస్తే గదంతా గోలగోలగా ఉంది. చెల్లెలు మెట్లెక్కుతుందా ఎక్కదా అని.

"చెప్పండి. ఎవరేమంటున్నారో అన్నీ చెప్పండి" అని పెద్దాయన నా చెయ్యి పట్టుకుని వాళ్ళ మధ్యకి లాక్కెళ్ళారు. వరంగల్ ఆవిడొకామె, "గట్లెట్ల ఊకుంటది? సొంత అక్కాయె!" అంటోంది. "ఎక్కదండీ, అక్కే దిగాలి, పెద్దది కదా" అని మా వైపు ఆవిడ. ఇంకొకావిడ పునుగు నములుతూ, "ఎక్కక్కర్లేదు, దిగక్కర్లేదు. మెట్ల కింద నిలబడి, 'ఈ ఇంట్లో మనుషులు బతికున్నారో లేదో ఎవరైనా కాస్త చెబితే బాగుండు' అని గాలికి అంటే సరిపోతుంది. మా అత్తగారూ నేనూ ఎనిమిది నెలలు అలాగే నడిపాం" అంది. గదంతా ఘొల్లుమంది. నేను పెద్దాయనకి అది చెప్పాను. గోడకీ, పిల్లికీ, పిల్లలకీ చెబుతున్నట్టు ఎదుటి మనిషికి చెప్పే మా పద్ధతంతా వివరించాను, అన్నం వడ్డించానని మావారికి కబురు పంపిన సంగతితో సహా. ఆయన కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. "యాభై ఏళ్ళు సినిమాల్లో ఉన్నాను. జనం చప్పట్లు కొట్టడం చూశాను, లేచిపోవడం చూశాను. కథ మధ్యలో వాళ్ళ మనసులో ఏముందో ఇవాళే విన్నాను" అన్నారు. ఆయన అంత ఆనందంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. నా తప్పు ఒప్పయిపోయిందని నాకూ పట్టలేని సంతోషం వేసింది.

రెండో సగంలో గది కదల్లేదు. ముందే అనుకున్న ప్రకారం పెద్దాయన ముగింపే వేశాను. గుమ్మం ముందు గిన్నె, తలుపు తట్టిన చప్పుడు, దిగుతున్న అడుగులు, పైన తలుపు తెరుచుకున్న చప్పుడు, కింద తలుపు మూసుకున్న చప్పుడు, చెంచా. తెర నల్లబడింది.

"అయిపోయిందా?" అంది వరంగల్ ఆవిడ. మా అమ్మాయి వెనక నుంచి, "ఓపెన్ ఎండింగ్, ఆంటీ" అంది.

టార్చి ఆంటీ మటుకు ఊరుకోలేదు, మా అమ్మాయి వైపు తిరిగింది. "ఏమ్మాయ్, సుడా అయిపోయిందంటావేంటి? పైనామె డోరు తెరిచింది కదా. గిన్నె చూసింది కదా. చెల్లి ఇంకా మెట్ల మీదే పోతా ఉంది కదా. మరి పిలవదా? నోట్లో నాలుక లేదా ఆమెకి? పిలిచే ఉంటాది. ఈ పడంలో వినపళ్ళేదు, అంతే" అంది.

నేను నవ్వుతూనే పెద్దాయనకి చెప్పాను. ఆయన నవ్వలేదు. "మళ్ళీ చెప్పండి" అన్నారు. మళ్ళీ చెప్పాను. ఆయన కాసేపు టార్చి ఆంటీ వైపు చూశారు. తర్వాత నాతో, "రెండోది వెయ్యండి" అన్నారు.

వేశాను, ఇష్టం లేకుండానే. అక్క పిలిచింది. నేను తెలుగులో ఆ పేరు పలికాను. చెల్లెలు ఆగింది, తిరిగింది. వయొలిన్లు మోగాయి. గిన్నె చేతిలోంచి నేల మీదకి గెంతింది, ఎవరూ పట్టించుకోలేదు. టిష్యూ ప్యాకెట్లు చిరుగుతున్న చప్పుడు వినిపించింది. నాకు వాళ్ళందరి మీదా కోపమొచ్చింది. ఇంత చవకగా ఏడుస్తారా అని. టార్చి ఆంటీ ఒక్కతే తెర చూడటంలేదు. పాత అలవాటు కాబోలు, కుర్చీ వెనక్కి తిప్పుకుని జనం మొహాలు చూస్తూ కూర్చుంది.

"ఇది బాగుందా ఆంటీ?" అనడిగాను.

"బాగుందో లేదో నాకేం తెలుసమ్మాయ్. నేను పడం చూళ్ళేదు, ముప్పై ఏళ్ళు జనాన్నే చూసినా. పడం అయినాక బస్‌కి ఉరికేవాళ్ళు కొందరు, నిదానంగా పోయేవాళ్ళు కొందరు. వీళ్ళు ఇవాళ నిదానంగా పోతారు చూడు" అంది. నిజంగానే గది ఖాళీ అవడానికి చాలాసేపు పట్టింది.

ఆ తర్వాతి శనివారం హాకర్ సెంటర్‌కి పెద్దాయన నాకంటే ముందే వచ్చి కూర్చున్నారు. మడతల కాగితం బల్ల మీద ఉంది. కాఫీ కప్పు కింద పెట్టి చూశాను. నిర్మాత ముగింపు పక్కన గుర్తు పెట్టి ఉంది. సంతకం ఇంకా లేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అంకుల్, నలభై ఏళ్ళు ఆ వయొలిన్లని తిట్టారు. నలుగురు ఆంటీలు ముక్కు చీదారని మీ పని మీరే చెరుపుకుంటారా? వాళ్ళు దేనికైనా ఏడుస్తారు. సబ్బు ప్రకటనకి కూడా ఏడుస్తారు. మీదే నిజం. అందులో తప్పు ఒక్కటి లేదు, నేను నాలుగుసార్లు వెతికాను" అన్నాను.

"మీరు పట్టుకోలేకపోయారు. ముందువరస ఆవిడ పట్టుకుంది" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయన కప్పు రెండు చేతుల్తో పట్టుకుని, ఎప్పటిలాగా చేతులతో గానీ బొమ్మలతో గానీ కాకుండా, ఒక్కొక్క మాటే వెతుక్కుని చెప్పారు.

"మా అన్న తలుపు తీశాడు. నేనప్పుడు మెట్ల మలుపులో ఉన్నాను. నన్ను పేరు పెట్టి పిలిచాడు. ఒక్కసారే, గట్టిగా కాదు. నేను దిగుతూనే ఉన్నాను. వీధిలోకి వచ్చాక కూడా తిరిగి చూడలేదు. సినిమాకి డబ్బింగ్ చేసేటప్పుడు ఆ పిలుపు కూడా రికార్డు చేశాం. నిర్మాత ముగింపులో మీరు విన్నది అదే గొంతు. నా ముగింపులోంచి నేనే తీసేశాను. తలుపు చప్పుడు ఉంచాను, పిలుపు ఉంచలేదు. ఎవరికీ తెలియలేదు. అందరూ హుందాతనం అన్నారు. వినీ వినీ నేనూ అదే అనుకున్నాను."

నా కోపమంతా ఎక్కడికి పోయిందో తెలియదు. పక్క బల్ల దగ్గర ఎవరో పిల్లాడికి పరాటా తినిపిస్తున్నారు. పెద్దాయన అటు చూసి చిన్నగా నవ్వి, నా దగ్గర పెన్ను అడిగి తీసుకున్నారు. ఆయన మొహంలో ఎప్పుడూ చూడని నెమ్మది ఉంది.

ఎందుకో ఒక మాట రాయమన్న చోట ఆయన తన భాషలో ఒక వాక్యం రాశారు. ఏమిటని అడిగాను.

"పిలిస్తే ఆగాలి, ఈ చెల్లెలినైనా ఆగనిద్దాం" అని చదివి వినిపించి, సంతకం పెట్టేశారు.